రెండడుగుల తొట్టిలో మూడు ఫైటర్లు – పాఠం 4: ఒక ఫిల్టరు, ఒక హీటరు, మూడు గదులు

కిందటి పాఠంలో రెండడుగుల గాజు తొట్టిని రెండు అడ్డుపలకలతో మూడు గదులుగా విడదీశాం. గదికో మగ బెట్టా చేప వస్తుంది. మన దుకాణాల్లో ఫైటర్ అని అమ్మేది దీన్నే. ఈ పాఠంలో మూడు గదులకూ కలిపి ఒక ఫిల్టరు, ఒక హీటరు అమరుస్తాం. చేపలు ఇంకా రాలేదు, తొందర పడకండి. ఈ పనంతా వాటికంటే ముందే ముగియాలి.

ముందు కొలతలు చూద్దాం. 60×30×30 సెంటీమీటర్ల తొట్టి అంచుదాకా నిండితే 54 లీటర్లు. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ పోగా సుమారు 45 లీటర్లు, అంటే గదికి 15. ఒక్క బెట్టాకు అది హాయిగా సరిపోతుంది. దుకాణానికి వెళ్లి 45 లీటర్లకు ఫిల్టరు, హీటరు కావాలంటే సరైన సైజువే ఇస్తారు. చిక్కల్లా ఏమిటంటే, అవి 45 లీటర్లూ ఒకేచోట కలిసి ఉంటాయనుకుని తయారైన వస్తువులు. మన తొట్టిలో గదికీ గదికీ మధ్య ఉన్నవి రంధ్రాలు మాత్రమే. కాబట్టి నీరు ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే డబ్బు తీయండి.

నాలుగు రంధ్రాలు పొడిచిన యాక్రిలిక్ పలక చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నీటిని మాత్రం కదలనివ్వదు. అందుకే మనం నిలువునా సన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ మెష్ వాడాం. ఆ రంధ్రాలకు నాచు పట్టడం ఖాయం. పాత టూత్‌బ్రష్ ఒకటి తొట్టి పక్కనే ఉంచుకుని వారానికోసారి రుద్దండి. రంధ్రాలు పూడితే మూడు గదులూ మూడు వేరువేరు తొట్లైపోతాయి, వాటిలో ఒక్కదానికే ఫిల్టరు ఉంటుంది.

ఫిల్టరు అంటే చెత్త పట్టే జల్లెడ అనుకుంటారు చాలామంది. దాని అసలు పని వేరు. చేప విసర్జించే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేప తట్టుకుంటుంది, ఎక్కువైతే నీళ్లు మార్చి తగ్గిస్తాం. ఈ బ్యాక్టీరియా కాపురం ఉండే చోటే స్పాంజ్. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బెట్టాకు మొప్పలతోపాటు గాలిని నేరుగా పీల్చే అవయవం కూడా ఉంది, అందుకే ఆక్సిజన్ తక్కువున్న నీటిలోనూ పైకొచ్చి గుటక వేసి నెట్టుకొస్తుంది. బ్యాక్టీరియాకు ఆ వెసులుబాటు లేదు. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియాలో విషపు పాలు పెరుగుతుంది. హీటరు పెట్టాలనుకున్నవారు ఫిల్టరు విషయంలో పిసినారితనం చూపకూడదనేది అందుకే.

నా ఓటు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టరుకే. తొట్టి అంచుకు వేలాడదీసే ఫిల్టరు నీళ్లను ధారగా కుమ్మరిస్తుంది. పొడవాటి రెక్కలున్న మగ బెట్టా ఆ తాకిడికి రోజంతా ఎదురీదాలి, అది కట్టుకునే నురగ గూడు కూడా నిలవదు. స్పాంజ్ ఫిల్టరులో గాలి బుడగలు గొట్టంలో పైకి లేస్తూ వెంట నీటిని లాక్కుపోతాయి, ఆ ఖాళీలోకి స్పాంజ్ గుండా కొత్త నీరు చేరుతుంది. ప్రవాహం మెత్తగా ఉంటుంది. ఎక్కువనిపిస్తే గాలి గొట్టానికి ఉన్న చిన్న వాల్వ్ తిప్పి తగ్గించుకోవచ్చు.

అయితే దాన్ని అలాగే ఒక గదిలో దింపి ఊరుకుంటే ఆ గది నీటినే పీల్చి ఆ గదిలోనే వదులుతుంది. కాబట్టి చిన్న మార్పు చేద్దాం. స్పాంజ్‌ను కుడి చివరి గదిలో పెట్టండి. దాని నిలువు గొట్టం పైన ఒక ఎల్బో (మోచేయిలా వంగిన గొట్టం ముక్క) తొడిగి, అక్కడి నుంచి పీవీసీ గొట్టాన్ని వెనక గాజు వెంబడి ఎడమ చివరి గదిదాకా నడిపించండి. గొట్టం సరిగ్గా నీటిమట్టం దగ్గర ఉండాలి. పైకెత్తితే బుడగలు నీటిని అంత ఎత్తుకు తోయలేవు. గొట్టం సన్నదైనా అదే ఇబ్బంది, నిలువు గొట్టం ఎంత లావో ఇదీ అంతే ఉండాలి. అది దాటే చోట అడ్డుపలకల పైఅంచును దాని మందానికే కత్తిరించండి. వేలు దూరేంత సందు వదిలితే బెట్టా కూడా దూరుతుంది, ఆ తర్వాత జరిగేది చూడలేరు. గొట్టాన్ని జిగురుతో అంటించొద్దు, బిగించి తొడిగితే చాలు, కడగడానికి ఊడి రావాలి.

ఇప్పుడు నీటికి ఒకటే దారి: ఎడమ గదిలో పడి, మెష్ దాటి నడిమి గదికి, మళ్లీ మెష్ దాటి కుడి గదిలోని స్పాంజ్‌కు. పనిచేస్తోందో లేదో కళ్లతో చూడండి. వంటల్లో వాడే రంగు ఒక చుక్క ఎడమ గదిలో వేయండి. ముందు గొట్టం మూతి కింద తీగలా సాగుతుంది, తర్వాత మెష్ దగ్గర ఒక్క క్షణం ఆగినట్టుండి, రంధ్రాల్లోంచి సన్నటి దారాలుగా అవతలికి దిగుతుంది. అరగంటలో కుడి గదికి కూడా లేతరంగు రావాలి. రాలేదంటే గాలి చాలడం లేదు, లేదా మెష్ రంధ్రాలు మరీ సన్నవి. పరీక్ష అయ్యాక ఆ నీళ్లు పారబోయండి.

ఇక హీటరు. బెట్టా స్వస్థలం థాయ్‌లాండ్, దాని పరిసర దేశాల్లోని వరిమళ్లు, నిలవ నీళ్లు. దానికి 25 నుంచి 28 డిగ్రీలు నప్పుతాయి. విశాఖలోనో కాకినాడలోనో ఏడాదిలో ఎక్కువ రోజులు హీటరు వెలగనే వెలగదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి రాత్రులకు తప్పనిసరి. ఆదిలాబాద్ వైపు చలి 10 డిగ్రీల కిందికీ దిగుతుంది, అక్కడ మూత కూడా బిగువుగా ఉండాలి. లీటరుకు ఒక వాట్ చొప్పున మన తొట్టికి 50 వాట్ల హీటరు తీసుకోండి. గదికొకటి చొప్పున మూడు చిన్నవి పెట్టేవారూ ఉన్నారు. నాకది నచ్చదు: మూడు తీగలు, మూడు ప్లగ్గులు, చెడిపోవడానికి మూడు అవకాశాలు.

దాన్ని నడిమి గదిలో, వెనక గాజుకు, అడుక్కు దగ్గరగా అడ్డంగా బిగించండి. కారణం థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి హీటరును వెలిగించి ఆర్పే భాగం. అది తన చుట్టూ ఉన్న నీటి వేడినే ఎరుగుతుంది. నీటి దారి మూసుకుపోయిన తొట్టిలో హీటరు గది 27కు చేరగానే దీపం ఆరిపోతుంది, చివరి గదిలోని చేప మాత్రం 23 డిగ్రీల్లో ముడుచుకుని అడుగున కూర్చుంటుంది. హీటరు దృష్టిలో అంతా సవ్యమే! నడుమ ఉంటే, ఎప్పుడైనా పంపు ఆగినా రెండు చివరి గదులూ వేడికి ఒక్క పలక దూరంలోనే ఉంటాయి. బెట్టాలు హీటరుకు ఆనుకుని నిద్రపోతాయి, ప్లాస్టిక్ తొడుగు ఉన్నదే కొనండి.

ఎయిర్ పంపు నీటిమట్టానికి పైన ఉండాలి, లేదా గాలి గొట్టంలో చెక్ వాల్వ్ (నీటిని వెనక్కి రానివ్వని వాల్వ్) ఉండాలి. రెండూ ఉంటే మరీ మంచిది. ఏదీ లేకపోతే, కరెంటు పోయినప్పుడు నీరు గొట్టంలోంచి వెనక్కి జారి పంపులోకి, అక్కడి నుంచి ప్లగ్గుదాకా రావొచ్చు. తీగలన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూడండి, కారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. నీళ్లు మార్చేటప్పుడు, చేయి ముంచకముందే హీటరు ప్లగ్గు తీసి పావుగంట ఆగండి. వేడి గాజు గొట్టం గాలికి తేలితే పగిలిపోతుంది. కోతలు గంటల తరబడి ఉండే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు దగ్గరుంచుకోండి. అది చేప కోసం కాదు, స్పాంజ్‌లోని బ్యాక్టీరియా కోసం.

స్పాంజ్ మురికి పట్టినప్పుడు తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుమూడు సార్లు పిండండి. కుళాయి కింద పెడితే క్లోరిన్‌కు కాపురమంతా ఖాళీ అవుతుంది. మూడు గదులకూ నీరు ఒకటే కనుక జబ్బు కూడా ఒకటే. ఒక చేపకు తెల్ల మచ్చలు కనిపిస్తే అది ఆ గది సమస్య అనుకోవద్దు. మందు వేయాల్సి వస్తే ఏం చేయాలో ఏడో పాఠంలో చూద్దాం.

ఎండాకాలం సంగతి తిరగబడుతుంది. తొట్టి ఉన్న ఇంటి గదిలో వేడి 35 డిగ్రీలు దాటితే హీటరు తీసేసి, మూత స్థానంలో దోమతెర బిగించి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి. పొడి గాలి ఉన్న తెలంగాణ, రాయలసీమల్లో ఇది బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కలో అంతగా కాదు. ఆవిరైన నీటిని రోజూ నింపుతుండాలి. మట్టం తగ్గితే మన పీవీసీ గొట్టం మూతి గాల్లో వేలాడుతుంది.

ఈ వారం అభ్యాసం: అన్నీ బిగించి, చేపల్లేకుండానే తొట్టిని రాత్రంతా నడపండి. తెల్లవారుజామున ఒకే థర్మామీటరును ఒక్కో గదిలో ఐదు నిమిషాలు ఉంచి రాసుకోండి. మూడు థర్మామీటర్లు వాడితే వాటి మధ్య తేడానే డిగ్రీ దాకా ఉండొచ్చు. గదుల మధ్య తేడా ఒక డిగ్రీలోపే ఉంటే అమరిక కుదిరినట్టే. అంతకు మించితే గాలి పెంచి మర్నాడు మళ్లీ చూడండి, హీటరు అంకె మాత్రం పెంచొద్దు. వచ్చే పాఠం బ్యాక్టీరియాను పెంచడం గురించి. దానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ మూడూ కొలిచే టెస్ట్ కిట్ తెచ్చి ఉంచుకోండి.