బెజవాడలో బస: రామవరప్పాడు రింగ్ దాటి చూడండి

పని మీద నెలనెలా బెజవాడ వచ్చేవాళ్లు గవర్నర్‌పేట, గాంధీనగర్‌లలోనే రూము వెతక్కండి. మీ పని ఆటోనగర్‌లోనో గన్నవరం వైపో ఉంటే రామవరప్పాడు రింగ్ దాటాక ప్రసాదంపాడు, ఎనికేపాడు దగ్గర చూడండి. పొద్దున్నే ఊళ్లో ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా హైవే మీద నేరుగా ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోవచ్చు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. రోడ్డు వైపు గది తీసుకోకండి, వెనక వైపుది అడగండి. హైవే మీద రాత్రంతా లారీల హారన్లే. అలా రెండు రాత్రులు నిద్రలేకుండానే నేను మీటింగులకి వెళ్లాల్సొచ్చింది. హోటలు నచ్చితే మేనేజరుతో నేరుగా రేటు మాట్లాడుకోండి, తరచూ వచ్చేవాళ్లకి తగ్గించే వీలుంటుంది. బిల్లుకి కంపెనీ జీఎస్టీ నంబరు దిగగానే ఇవ్వండి. దసరాకి, భవానీ దీక్షల విరమణకి మాత్రం ఊరంతా భక్తులే, ఆ రోజుల్లో పనుంటే గది ముందే బుక్ చేసుకోండి.