కేస్ బిగించాక క్రాంక్ బిగుసుకుందా? సుత్తి పక్కన పెట్టి ఇది చదవండి

యమహా ఆర్‌ఎక్స్ 100 బండి ఇంజన్ మొత్తం విప్పి, కొత్త బేరింగ్‌లు వేసి, ఇంజన్ కింది పెట్టె రెండు సగాల్ని, అంటే కేసుల్ని, కలిపి స్క్రూలు బిగించారు. చేత్తో తిప్పితే క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, కదలట్లేదు. పక్కనున్నవాళ్లు ఏమంటారో నాకు తెలుసు: "స్టార్ట్ చేసి నాలుగు కిలోమీటర్లు తిప్పితే అదే ఫ్రీ అవుతుందిలే." అవదు. బేరింగ్ వేడెక్కి అరుగుతుంది, క్రాంక్‌లో ఆట (వదులు) వస్తుంది, దాంతో మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు ఆయిల్ సీల్ పాడవుతుంది. అక్కణ్నుంచి గాలి లాగితే పెట్రోల్ మిక్స్చర్ పలచబడి చివరికి పిస్టన్ పట్టేస్తుంది. మట్టి ట్రాక్ మీద ఫుల్ రేజ్‌లో తోలే బండికైతే ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది.

నేను ఆర్‌ఎక్స్ 100 గురించి చెప్తున్నాను గానీ, కేస్ నిలువుగా రెండు ముక్కలయ్యే సింగిల్ సిలిండర్ టూ స్ట్రోక్ డర్ట్ బైకులన్నిటికీ ఇదే పద్ధతి.

సామాన్లు: నైలాన్ సుత్తి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు), క్రాంక్‌ని లోపలికి లాగే పుల్లర్, ఒక ఇత్తడి ముక్క, టూ స్ట్రోక్ ఆయిల్. ఇనప సుత్తి ఆ బల్ల మీదే ఉండకూడదు.

ముందు బిగుసుకున్నది క్రాంకేనా అన్నది తేల్చుకోండి. క్లచ్, ప్రైమరీ గేర్, మ్యాగ్నెట్, పిస్టన్ ఏవీ ఎక్కించకండి. క్లచ్ లేనప్పుడు గేర్‌బాక్స్‌కీ క్రాంక్‌కీ సంబంధం ఉండదు కాబట్టి దేనికది విడిగా తిప్పి చూడొచ్చు. గేర్ షాఫ్ట్ పట్టేస్తే వాషర్ ఏదో మర్చిపోయారనో, తప్పు చోట వేశారనో అర్థం. కొత్త ఆయిల్ సీల్స్ ఉంటే క్రాంక్ కాస్త లాగినట్టు, కానీ నున్నగా తిరుగుతుంది. అది మామూలే, సీల్ పెదవికి ఆయిల్ రాస్తే చాలు.

ఇప్పుడు కేస్ స్క్రూలన్నీ కొద్దిగా వదులు చేసి మళ్లీ తిప్పండి. ఫ్రీ అయితే క్రాంక్ ఒక పక్కకి నొక్కుకుపోయి ఉంది, లేదా కేసుల మధ్య ఏదో ఇరుక్కుంది. అప్పటికీ బిగుతుగానే ఉంటే కేస్ విప్పి బేరింగ్ అడుగుదాకా కూర్చుందో లేదో చూడండి. సీ3 (లోపల మామూలు కన్నా కాస్త ఎక్కువ ఖాళీ ఉందని గుర్తు) అని రాసి లేని బేరింగ్ వేసి ఉంటే తీసేయండి. ఆ లోపలి ఖాళీ లేకపోతే ప్రెస్ అయ్యాక బేరింగ్‌లోని ఇనప గుళ్లకి చోటుండదు. చుట్టుకి ఒక్కచోటే పట్టేస్తుంటే క్రాంక్ వంకర. లేత్ షాపులో డయల్ గేజ్ మీద చూపించండి, వంకర 0.03 మిల్లీమీటర్లు దాటితే సరిచేయాల్సిందే.

ఎక్కువసార్లు కనిపించేది మొదటి రకమే, అంటే క్రాంక్ ఒక పక్కకి నొక్కుకుపోవడమే, జనం పాడుచేసేదీ అక్కడే. రెండో కేస్ దిగడానికి సుత్తితో కొడతారు. ఆ దెబ్బకి బేరింగ్ లోపలి రింగు ఒక పక్కకి జరుగుతుంది, గుళ్లు గాడి అంచుకి ఆనుకుంటాయి. క్రాంక్ తిరగకపోవడానికి కారణం అదే. దీన్ని సరిచేయడం తేలికే, తొందరపడకపోతే.

కేస్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. వేడి మీద వదులుగా ఉన్నది చల్లారాక పట్టేయొచ్చు. స్క్రూలు బిగించే ఉంచి, సిలిండర్ కూర్చునే నోట్లోంచి క్రాంక్ వెబ్‌కీ (పిన్నుకి రెండు పక్కలా ఉండే బరువు చక్రం) కేస్‌కీ మధ్య రెండు వైపులా ఫీలర్ గేజ్ పెట్టి కొలవండి. ఎడమ వైపు సందు తక్కువుంటే క్రాంక్ ఎడమకి జరిగింది, కాబట్టి ఎడమ కొననే తట్టాలి. కొలవకుండా ఊహతో కొట్టేవాళ్లు సగం సార్లు తప్పు వైపు కొడతారు.

తట్టే ముందు క్రాంక్ పిన్ను కిందికి తెచ్చి, కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) పక్కన రెండు వెబ్‌ల మధ్య సరిగ్గా పట్టే ఇత్తడి ముక్క పెట్టండి. వెబ్‌లు విడిపోయేలా గట్టిగా దూర్చొద్దు. ఇదంతా ఎందుకంటారా? క్రాంక్ ఒకే ముక్క కాదు, పిన్ను మీద ప్రెస్ చేసిన రెండు ముక్కలు. పెద్ద దెబ్బ తగిలితే వెబ్‌లు దగ్గరికి మూసుకుంటాయి, వరస తప్పుతుంది. అప్పుడు మీరు బిగుతు పోగొట్టి వైబ్రేషన్ కొనుక్కున్నట్టే. షాఫ్ట్ మర పాడవకుండా నట్టుని కొనకి సమానంగా ఎక్కించి, దాని మీదే నైలాన్ సుత్తితో ఒక్కటి, మెత్తగా తట్టండి. ముక్క తీసి తిప్పి చూడండి. చాలకపోతే ముక్క పెట్టి మళ్లీ ఒక్కటి. వరసగా రెండు దెబ్బలు వేయొద్దు. పిన్నుని పైకి తెచ్చి, కనెక్టింగ్ రాడ్‌ని నిలబెట్టి, క్రాంక్‌ని కాస్త తిప్పి వదిలితే రాడ్ బరువుకి క్రాంక్ అదే తిరిగి పిన్ను కిందికి పడాలి. పడిందంటే ఆపేయండి. "ఇంకాస్త ఫ్రీ చేద్దాం" అని మళ్లీ తట్టారంటే రెండో వైపు పట్టేస్తుంది.

నాలుగైదుసార్లు తట్టినా మార్పు లేకపోతే విప్పేయండి. అది తట్టితే పోయే బిగుతు కాదు.

ఈసారి కలిపేటప్పుడు బేరింగ్ ఇంటి చుట్టూ కేస్‌ని సుమారు 100 డిగ్రీలకి వేడిచేయండి. ఎలక్ట్రిక్ స్టవ్ మీదే చేయాలి, గ్యాస్ వెల్డింగ్ మంట పెడితే అల్యూమినియం ఒకచోటే కాలి వంకరపోతుంది. క్రాంక్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచి, పుల్లర్‌తో లాగండి. పుల్లర్ షాఫ్ట్‌ని మాత్రమే లాగుతుంది, వెబ్‌ల మీద బరువు పడదు. సుత్తితో దించితే ఆ బరువంతా పిన్నే మోయాలి. పుల్లర్ ఖరీదని వద్దనుకునేవాళ్లు క్రాంక్ రీబిల్డ్ ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడండి.

స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతి రౌండ్‌కీ క్రాంక్ తిప్పండి. ఏ స్క్రూ దగ్గర బిగుసుకుందో అప్పుడే తెలుస్తుంది, అక్కడే ఆగి వెతకండి. తర్వాత బేరింగ్‌ల మీద ఆయిల్ పోసి, సిలిండర్ సిద్ధమయ్యేదాకా కేస్ నోరు శుభ్రమైన గుడ్డతో కప్పి ఉంచండి. పిస్టన్ ఎక్కించాక రింగుల బిగుతు కూడా కలుస్తుంది, ఇక క్రాంక్ ఎలా ఉందో మీకు తెలియదు.