కంప్యూటర్ బూట్ కానప్పుడు ఫైళ్లు బయటికి తీయడం ఎలా?

కంప్యూటర్ నల్లటి తెర దగ్గరో, గిరగిరా తిరిగే చుక్కల దగ్గరో ఆగిపోయిందంటే ఫైళ్లు పోయాయని కాదు. చాలాసార్లు చెడిపోయేది విండోస్ ఒక్కటే. ఫొటోలు, డాక్యుమెంట్లు అదే డిస్కులో చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని నిజంగా పోగొట్టేవి ఆ తర్వాత కంగారులో చేసే పనులు: విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, రీసెట్ నొక్కడం, పాడైపోతున్న డిస్కు మీద చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్కు రిపేరు సాధనం) నడపడం. ఇవన్నీ డిస్కు మీద కొత్తగా రాస్తాయి. కాబట్టి ముందు కాపీ, రిపేరు ఆ తర్వాతే.

మొదట చెవి పెట్టి వినండి. హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్‌మని ఒకే లయలో చప్పుడు గానీ, గీరుతున్న శబ్దం గానీ వస్తే వెంటనే పవర్ తీసేయండి. అది సాధారణంగా డేటా చదివే రీడ్ హెడ్ దెబ్బతిన్న గుర్తు. ఇంకా తిప్పితే డేటా ఉండే లోపలి పళ్లెం మీద పూత గీసుకుపోతుంది, పూతతో పాటే డేటా కూడా పోతుంది. దీనికి ఇంట్లో చేయగలిగింది లేదు. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, తట్టొద్దు, మూత అస్సలు విప్పొద్దు. విలువైన డేటా అయితే క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్‌కే ఇవ్వాలి.

చప్పుడేమీ లేకపోతే ఆన్ చేసిన క్షణం నుంచే ఎఫ్2 గానీ డిలీట్ కీ గానీ పదేపదే నొక్కి, విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర, అంటే బయాస్‌లోకి వెళ్లండి. అక్కడ డిస్కు పేరు కనిపిస్తే సగం గండం గడిచినట్టే. కనిపించకపోతే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, డెస్క్‌టాప్‌లో డిస్కుకు వచ్చే డేటా కేబుల్, పవర్ కేబుల్ తీసి మళ్లీ బిగించండి. వేరే కేబుల్ ఉంటే మార్చి చూడండి. అసలు పవరే రావడం లేదంటే లోపం పవర్ సప్లైలోనో మదర్‌బోర్డులోనో ఉంటుంది, డిస్కు బాగుండే అవకాశమే ఎక్కువ. నేరుగా డిస్కు బయటికి తీసే పద్ధతికి వెళ్లండి.

ఇంకో సంగతి ముందే తేల్చుకోవాలి, అది బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్కుకు వేసే తాళం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అయి ఉంటుంది, వాడేవాళ్లకు ఆ విషయమే తెలియదు. అలాంటి డిస్కు తెరుచుకోవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఫోన్‌లో అదే మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైసుల విభాగంలో బిట్‌లాకర్ కీలు చూడండి. ఒకటి కంటే ఎక్కువ కీలు ఉంటే, తెర మీద కనిపించే కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలతో పోల్చి సరైనది రాసుకోండి. ఆ కీ దొరకకపోతే ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ ఆ ఫైళ్లను చదవలేదు.

బ్లూ స్క్రీన్‌లో రిపేర్ మెనూ దాకా వస్తున్న కంప్యూటర్‌కు అన్నిటికంటే తేలిక దారి ఒకటుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ వరకు వెళ్లి నోట్‌ప్యాడ్ (notepad) అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఫైల్ రకం దగ్గర ఆల్ ఫైల్స్ ఎంచుకోండి. ఆ చిన్న విండోనే ఇప్పుడు మీ ఎక్స్‌ప్లోరర్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేయండి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ చేయండి. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోవచ్చు, మీ సీ డ్రైవ్ డీ అని కనిపించినా కంగారు పడొద్దు. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత రాదు, విండో బిగుసుకుపోయినట్టు ఉంటుంది. అది పని చేస్తున్నట్టే, మూసేయకండి.

ఆ మెనూ కూడా రాకపోతే లైనక్స్ పెన్ డ్రైవ్ తయారు చేయండి. 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి, వేరే కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు. లైనక్స్ మింట్ గానీ ఉబుంటు గానీ డౌన్‌లోడ్ చేసి రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్ డ్రైవ్‌కు ఎక్కించండి. పెన్ డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. పాడైన కంప్యూటర్‌కు పెట్టి ఎఫ్12 లేదా ఎస్కేప్ నొక్కితే బూట్ మెనూ వస్తుంది, కంపెనీని బట్టి కీ మారుతుంది. లైనక్స్ తెరుచుకున్నాక ఇన్‌స్టాల్ జోలికి వెళ్లకుండా ట్రై అన్నది కనిపిస్తే అదే ఎంచుకోండి. ఫైల్ మేనేజర్‌లో విండోస్ డిస్కు కనిపిస్తుంది. చదవడానికి మాత్రమే తెరుచుకుంటోందని హెచ్చరిక వస్తే మంచిదే, మనకు కావలసింది చదవడమే. విండోస్ పూర్తిగా ఆగకుండా ఉంచే ఫాస్ట్ స్టార్టప్ వల్ల సాధారణంగా అలా వస్తుంది. డిస్కు అసలే కనబడకపోతే బయాస్‌లో స్టోరేజ్ మోడ్ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్‌గా ఉందేమో చూడండి. ఉన్నది ఒక్క డిస్కే అయితే ఏహెచ్‌సీఐ అనే మామూలు మోడ్‌కు మార్చి కాపీ చేసుకుని మళ్లీ యథాతథంగా పెట్టేయండి. నిజంగా రెండు డిస్కులను రెయిడ్‌లో జత చేసి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు.

డిస్కు బయటికి తీసేటప్పుడు ఎక్కువ మంది తప్పుదారి పట్టేది కొనే వస్తువు దగ్గరే. 2.5 అంగుళాల డిస్కుకు యూఎస్‌బీ సాటా కేబుల్ సరిపోతుంది. 3.5 అంగుళాల దానికి యూఎస్‌బీ కరెంటు చాలదు, 12 వోల్టుల అడాప్టర్ ఉన్న డాక్ కావాలి. ఎం.2 ఎస్ఎస్‌డీలు చూడటానికి ఒకేలా ఉన్నా రెండు రకాలు: సాటా, ఎన్‌వీఎంఈ. దాన్ని పెట్టి యూఎస్‌బీకి తగిలించే ఎన్‌క్లోజర్ ఆ రకానికి సరిపోవాలి, లేదంటే బాగున్న డిస్కే చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. వేరే విండోస్ కంప్యూటర్‌కు తగిలించినప్పుడు ఫార్మాట్ చేయమంటే క్యాన్సిల్ నొక్కండి. డిస్కులోని భాగాల గురించిన పార్టిషన్ వివరాలు దెబ్బతిన్నా అదే సందేశం వస్తుంది. టెస్ట్‌డిస్క్ అనే రికవరీ ప్రోగ్రాంతో లోపలి ఫైళ్లు కనిపిస్తే పేర్లతో సహా కాపీ చేసుకోవచ్చు. ఫొటోరెక్ అనే ఇంకో ప్రోగ్రాం చివరి మార్గం, దానితో ఫైళ్లు వస్తాయి కానీ పేర్లు, ఫోల్డర్లు రావు. దేనితో తీసినా ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకే పంపాలి.

కాపీ మధ్యలో తరచూ ఆగుతూ, రీడ్ ఎర్రర్లు వస్తుంటే ఫైళ్లు ఒక్కొక్కటిగా లాగడం మానేయండి. లైనక్స్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రాంలో డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు చూడండి. పెండింగ్ సెక్టార్లు (చదవలేకపోతున్న చోట్లు), రీఅలొకేటెడ్ సెక్టార్లు (పాడై వేరే చోటికి మార్చినవి) సున్నా దాటి పెరుగుతుంటే డిస్కు చివరి దశలో ఉన్నట్టే. అప్పుడు డీడీరెస్క్యూ అనే లైనక్స్ ప్రోగ్రాంతో మొత్తం డిస్కుకు ఇమేజ్ (ఒకే ఫైలుగా అచ్చు నకలు) తీయాలి. మొదటి విడతలో మొండి సెక్టార్లను వదిలేసి బాగున్న చోట్లన్నీ చదివించండి, రెండో విడతలో పాడైన చోట్ల 3 సార్లు ప్రయత్నించమనండి. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ తప్పనిసరిగా ఇవ్వండి, అది ఉంటే మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలవుతుంది. ఇమేజ్ పెట్టే డ్రైవ్‌లో ఖాళీ, పాత డిస్కు పూర్తి సైజు కంటే ఎక్కువ ఉండాలి. డిస్కులో వాడిన భాగమెంత అన్నది లెక్కలోకి రాదు. ఆ డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎంటర్ నొక్కే ముందు మూలం ఏదో గమ్యం ఏదో రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే ఉన్న డేటా తుడిచిపెట్టుకుపోతుంది.

కాపీ చేసే వరుస కూడా ముఖ్యమే. డిస్కు ఎప్పుడు ఆగుతుందో తెలియదు కాబట్టి మళ్లీ దొరకనివి ముందు: ఫొటోలు, సొంత డాక్యుమెంట్లు. సినిమాలు, డౌన్‌లోడ్లు ఆఖరున. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరున్న దాంట్లో డెస్క్‌టాప్ ఖాళీగా ఉంటే, అక్కడే ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల వెతకండి, చాలాసార్లు అక్కడికి మారి ఉంటుంది. వన్‌డ్రైవ్‌లో కొన్ని ఫైళ్లకు పేరే ఉండి అసలు సరుకు క్లౌడ్‌లో ఉంటుంది, అవి వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, థండర్‌బర్డ్ మెయిల్ వివరాలు దాచి ఉంచిన యాప్‌డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. లైనక్స్‌లో అది మామూలుగానే కనిపిస్తుంది. యూఎస్‌బీ 2 పోర్టులో 100 జీబీకి దాదాపు గంట పడుతుంది, వేగంగా పనిచేసే నీలం రంగు పోర్టు ఉంటే దానికే పెట్టండి.

అయ్యాక రెండు వైపులా ఫోల్డర్ సైజులు, ఫైళ్ల సంఖ్య పోల్చండి. ఒక్కో ఫోల్డర్‌లో నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి, ఎందుకంటే పాడైన సెక్టార్ల నుంచి వచ్చిన ఫొటో సైజు సరిగ్గానే ఉన్నా కింది సగం బూడిద రంగులో రావచ్చు. ఆ కాపీకి ఇంకో కాపీ తీసుకున్నాకే పాత డిస్కు మీద విండోస్ రిపేరు మొదలుపెట్టండి.