అటు చివర నీరసించే ఇంజన్: నా అనుభవం

ఎనిమిదడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ స్కేల్ నమూనా రైలుకి పట్టాల లూపు వేశాను. అంటే అసలు రైలుకి 87వ వంతు.

పట్టాలకు కరెంటు ఇచ్చే కంట్రోలర్ దగ్గర దూసుకెళ్లే ఇంజన్, కిటికీ వైపు చేరేసరికి ఎడ్లబండి అయిపోయేది. మోటార్ పోయిందనుకుని విప్పాను. చక్రాలు స్పిరిట్‌తో తుడిచాను. మార్పు లేదు. మల్టీమీటర్ పెడితే రెండు చోట్లా 12 వోల్టులే! అక్కడే మోసపోయాను, పట్టాల మీద ఇంజన్ లేకుండా, అంటే కరెంటు పారనప్పుడు చూశాను మరి. ఇంజన్ నడుస్తుండగా చూస్తే కిటికీ దగ్గర 8 కూడా లేదు. మొత్తం కరెంటు ఒకే జత వైర్లతో ఎక్కి, పట్టాల ముక్కల్ని కలిపే వదులైన జాయినర్లన్నీ దాటుకుంటూ అక్కడికి చేరుతోంది.

ప్లైవుడ్ కింద లావుపాటి వైర్లు రెండు లాగి, మూడడుగులకొకచోట సన్న వైర్లతో పట్టాలకు సోల్డర్ చేశాను. మొదటి అతుక్కే పట్టాల కిందుండే ప్లాస్టిక్ స్లీపర్లు రెండు కరిగాయి. తర్వాత ఇరువైపులా తడి దూది పెట్టి, రెండు మూడు సెకన్లలో ముగించాను. ఒకచోట ఎరుపు, నలుపు తారుమారై షార్ట్ కూడా అయింది. లోపలి పట్టాకి ఎరుపు అని చెక్క మీదే రాసుకున్నాక ఆ గొడవ తీరింది.

ఇప్పుడు కిటికీ దగ్గర 11.5. ఇక పాయింట్ల (రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకి మారే చోట్ల) సంగతి చూడాలి.