మలావీ మిషన్ దవాఖానకు బయలుదేరుతున్నవారికి

ఊళ్లో చెప్పగానే అందరూ "మలేసియానా?" అంటారు. కాదు, మలావీ, ఆఫ్రికాలో అని చెప్తే వెంటనే "జీతమెంత?" అంటారు. హన్మకొండలో ఏ గల్లీలో చూసినా ఒకరు అమెరికాలో ఉంటారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు పోతే గల్ఫ్ నుంచి డబ్బు రాని ఊరు ఉండదు. కాబట్టి ఫారిన్ అంటే డబ్బే అనుకోవడం వాళ్ల తప్పేమీ కాదు. కానీ మిషన్ దవాఖానలో ఇచ్చేది జీతం కాదు, నెల గడవడానికి సరిపోయే అలవెన్స్. ఈ ముక్క విమానం ఎక్కకముందే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పండి. నేను చెప్పలేదు. మా చిన్నమ్మ కొడుకు ఇంటికి స్లాబు వేసేటప్పుడు రెండు లక్షలు అడిగాడు. లేవన్నాను. ఇప్పటికీ పండగకు కలిస్తే మొహం పక్కకు తిప్పుకుంటాడు.

నేను నర్సును. దక్షిణ మలావీలో ఒక మిషన్ ఆస్పత్రి పిల్లల వార్డులో ఆరేళ్లు పనిచేసి వచ్చాను. మన వైపు సంఘాల నుంచి ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు జంట అటు వెళ్లడానికి తయారవుతున్నారు. "అక్కా, వందనాలు, ఒక చిన్న డౌటు" అంటూ రోజూ వచ్చే ఫోన్లకు విడివిడిగా చెప్పలేక అన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. డాక్టరైనా నర్సైనా అక్కడి మెడికల్ లేదా నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయ్యేదాకా రోగి మీద చెయ్యి వేయకూడదు. సేవకు వచ్చామంటే మినహాయింపు ఉండదు, ఉండకూడదు కూడా. మన కౌన్సిల్ నుంచి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మన మీద ఫిర్యాదులేవీ లేవనే కాగితం), మార్కుల ట్రాన్స్‌క్రిప్టులు, పోలీస్ క్లియరెన్స్, వీటి పని కనీసం ఆరు నెలల ముందే మొదలుపెట్టండి. నా కాగితం ఒకటి ఎక్కడో ఆగిపోయి, అక్కడికి చేరాక మూడు నెలలు ఖాళీగా కూర్చున్నాను. దుప్పట్లు లెక్కపెట్టాను, గాజుగుడ్డ మడతలు పెట్టాను, బరువు తూచే దగ్గర పిల్లల్ని పట్టుకున్నాను. ఇరవై ఏళ్ల సర్వీసున్న నర్సుకు ఇదేం పని అని రాత్రుళ్లు ఏడ్చాను. తర్వాత అర్థమైంది, నాకు భాష వచ్చింది ఆ మూడు నెలల్లోనే అని. మీ కాగితాలు సమయానికి వచ్చినా సరే, మొదటి నెల మాత్రం దుప్పట్లు లెక్కపెట్టే పని అడిగి తీసుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని సర్కారు సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఒక్కసారి వేయించుకుంటే ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. మలావీ కోసం కాదు, దారిలో ఇథియోపియాలోని ఆడిస్ అబాబా లాంటి చోట ఎక్కువసేపు ఆగితే కార్డు అడగొచ్చు. పాస్‌పోర్టుతో పాటే పెట్టుకోండి, సూట్‌కేసులో అడుగున కాదు.

మలేరియా గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. "ఏటూరునాగారం ఏజెన్సీలో డ్యూటీ చేశాను, నాకు మలేరియా కొత్తా" అన్నది నేనే. మలావీలో ఉండేది దాదాపు అంతా ఫాల్సిపారమే, ప్రాణం తీసే రకం మలేరియా. చిన్నప్పటి నుంచి కుట్టించుకుని కుట్టించుకుని అక్కడి పెద్దవాళ్లకు వచ్చిన తట్టుకునే శక్తి మనకు ఉండదు. డాక్టరు చెప్పిన నివారణ మాత్రలు మానకండి, దోమతెర లేకుండా పడుకోకండి. జ్వరం వస్తే ఆ రోజే టెస్టు. "ప్రయాణ బడలిక, పొద్దుటికి తగ్గుతుంది" అనే మాట మలావీలో పనికిరాదు. ఇంకొకటి, మలావీ సరస్సు. సముద్రంలా ఉంటుంది, నీళ్లు అద్దంలా ఉంటాయి. పాకాల చెరువులో ఈత కొట్టినవాడికి కాలు ఆగదు. ఒడ్డున నత్తలున్న చోట దిగితే బిల్హార్జియా పట్టుకుంటుంది, చర్మంలోంచి ఒంట్లోకి దూరే పురుగుల జబ్బు. మందు ఉంది, ప్రాజిక్వాంటెల్. కానీ మందు ఉందని దిగడమెందుకు?

సామాను: ప్లగ్గులు అక్కడ చదరం పిన్నులవి, రెండు అడాప్టర్లు తెచ్చుకోండి. మంచి స్వెట్టర్ తప్పనిసరి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నేను జూన్‌లో కాటన్ చీరలతో దిగి, రెండు దుప్పట్లు కప్పుకున్నా వణికాను. హెడ్‌ల్యాంప్ ఒకటి తెచ్చుకోండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఎందుకో కింద చెప్తాను. బియ్యం, పప్పు మోసుకురాకండి. అక్కడ కిలొంబెరో అనే రకం బియ్యం వండుతుంటే ఇల్లంతా వాసన వస్తుంది. కందులైతే దక్షిణాన పొలాల నిండా ఉంటాయి, నండోలో అంటారు. బ్లాంటైర్, లింబే బజార్లలో గుజరాతీల దుకాణాల్లో పసుపు, జీలకర్ర అన్నీ దొరుకుతాయి. దొరకనిది మామిడికాయ తొక్కు. దాన్ని మాత్రం రెండు కవర్లలో గట్టిగా ప్యాక్ చేయించుకోండి.

తిండి దగ్గర మన తెలంగాణవాళ్లకు ఒక అదృష్టం ఉంది. వాళ్ల ముఖ్యమైన తిండి న్సిమా. మక్కపిండిని ఉడుకుతున్న నీళ్లలో పోసి తెడ్డుతో గట్టిగా కలిపి ముద్దలు చేస్తారు. అంటే ఏమిటి? మక్క గట్క! మా నానమ్మ గట్క మీద పచ్చిపులుసు పోసుకుని తినేది. వాళ్లు ఆకుకూరతోనో, ఎండు చేపలతోనో తింటారు. మొదటిసారి మా వార్డు అటెండరు ఇంట్లో కుడిచేత్తో ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో గుంట పెట్టి, కూర అద్దుకుని తింటుంటే ఆయన భార్య నోరు తెరిచి చూసింది. చెంచా అడగని విదేశీయురాలిని ఆమె అప్పుడే చూసిందట. తొలకరికి ఉసిళ్లు వేయించుకు తిన్న ఇంటి నుంచి వచ్చినవాళ్లయితే ఇంకా సంతోషం, అక్కడా తింటారు. కర్రపుల్లకు గుచ్చి రోడ్డు పక్కన అమ్మే ఎలుకల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను.

భాష చిచేవా. ప్రతి మాటా మనలాగే అచ్చుతో ముగుస్తుంది కాబట్టి నోరు తిరుగుతుంది. మీరు, నువ్వు తేడా కూడా ఉంది: ఇను అంటే మీరు, ఇవె అంటే నువ్వు. పెద్దవాళ్లను ఇవె అన్నారా, ఆ రోజుకు మీ పని అయిపోయినట్టే. మొదట్లో నన్ను తికమక పెట్టింది ఒక్క మాట, అమాయి. అమ్మ, అమ్మగారు అని అర్థం. డెబ్బై ఏళ్ల ముసలమ్మను "అమ్మాయి" అని పిలుస్తున్నట్టుండి నెల రోజులు నోరు రాలేదు. పలకరింపు లేకుండా పని మాట ఎత్తకండి. "మూలి బ్వాంజి" (ఎలా ఉన్నారు) అని అడగాలి, జవాబు వినాలి, తిరిగి మన బాగు చెప్పాలి, అప్పుడు థర్మామీటరు. ఎంత రష్ ఉన్నా ఇంతే. మన దగ్గర ఓపీలో తలెత్తకుండా చీటీ రాసే అలవాటున్నవాళ్లకు ఇది కష్టం.

మిమ్మల్ని మ్వెన్యె అంటారు. ఇండియావాళ్లు అని. ఆ మాటలో దుకాణదారు అనే అర్థం కలిసే ఉంటుంది, ఎందుకంటే వాళ్లకు తెలిసిన ఇండియన్లు తరతరాలుగా కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లే. పనివాళ్లను కసురుకునే సేటు ముఖం మీ ముఖంలో కనిపిస్తుంది. కోపం తెచ్చుకోకండి. అది పోవడానికి నాకు ఏడాది పట్టింది.

వాళ్లకు వాక్యం చెప్పడానికి వెళ్తున్నాం అనుకునేవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోండి. స్కాట్లాండ్‌వాళ్ల లివింగ్‌స్టోనియా మిషన్ ఆ సరస్సు ఒడ్డుకు చేరింది 1875లో. దేశంలో ఎక్కువమంది క్రైస్తవులే. సరస్సు పక్కన యావో అనే తెగ ప్రజల్లో ముస్లింలు ఎక్కువ. వాళ్లూ మన వార్డుకు వస్తారు, మంచం దగ్గర బలవంతపు ప్రార్థనలు వద్దు. పొద్దున ఏడున్నరకు డ్యూటీ మారేటప్పుడు స్టాఫ్ అంతా నిలబడి పాడతారు. కీబోర్డు లేదు, తబలా లేదు. తోటమాలి కింది శ్రుతి అందుకుంటాడు, ల్యాబ్ అతను ఇంకొకటి, వంటమనిషి పైన ఎత్తుకుంటుంది. ఆరేళ్లలో ఒక్క పొద్దు కూడా ఆ పాట నాకు మామూలైపోలేదు.

ఇక వార్డు. డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు, మలేరియా, ఆకలి మూడూ కలిసి వస్తాయి. పాత మక్కలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు. ఒక మంచం మీద ఇద్దరు పిల్లలు పడుకుంటారు. బక్కచిక్కిన పిల్లలకు చిపొండె ఇస్తాం, పల్లీలు, పాలపొడి, చక్కెర, నూనె కలిపిన ముద్ద. పొట్లం కొస కత్తిరించి నోట్లో పెడితే పిల్లలు కళ్లు మూసుకుని చప్పరిస్తారు. రోగికి వండిపెట్టడానికి వచ్చిన చుట్టాలు ఆవరణలోనే పొయ్యిలు పెట్టుకుంటారు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ముందు అటెండెంట్లను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వాళ్లను విసుక్కోకండి. సగం నర్సింగ్ వాళ్లే చేస్తారు.

రెండో ఏడు జనవరిలో ఒక రాత్రి. పదకొండు దాటింది, బయట కుండపోత. మూడేళ్ల పాపను తల్లి వీపుకు గుడ్డతో కట్టుకుని తెచ్చింది. కంటి రెప్ప లాగి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 3.1, అంటే ఒంట్లో రక్తం దాదాపు లేనట్టే. మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇచ్చాం, ఆక్సిజన్ పెట్టాం. ఎక్కించడానికి రక్తం లేదు. తల్లి ఏడో నెల గర్భిణి, నానమ్మ ఎముకల గూడు. అటెండరు ఫోన్ చేస్తే పాప బాబాయి పక్క ఊరి నుంచి ఆ వానలోనే సైకిల్ మీద వచ్చాడు. అతని రక్తం తీస్తుండగా కరెంటు పోయింది. ఆక్సిజన్ మిషన్ ఆగింది, జనరేటర్ అందుకోలేదు. పాప ఊపిరి తగ్గిపోతుంటే నేను హెడ్‌ల్యాంప్ పెట్టుకుని, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ నొక్కుతున్నాను. పక్క గదిలో ల్యాబ్ అతను సెల్‌ఫోన్ నోట్లో కరిచి పట్టుకుని ఆ వెలుగులో బాబాయి రక్తం పాపకు సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్ చేస్తున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి, రక్తం బ్యాగ్ సగం ఎక్కాక, పాప కళ్లు తెరిచి నా ముఖం చూసి జడుసుకుని గుక్కపెట్టి ఏడ్చింది. వార్డు మొత్తం నవ్వింది. బాబాయి మాత్రం తడి బట్టలతో కింద గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

అదే వారంలో పక్క మంచం బాబు దక్కలేదు. నేను తల్లి దగ్గర నిలబడి, వచ్చీరాని చిచేవాలో దేవుని చిత్తం అనీ, ఓదార్పు అనీ ఏదేదో చెప్పబోయాను. మా ఇన్‌చార్జి సిస్టర్ నా మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "కూర్చో" అంది. నేల మీద కూర్చున్నాం. ఆమె "పెపాని" అంది, అంతే. అయ్యో అమ్మా అన్నట్టుంటుంది ఆ మాట. గంట సేపు ఇంకో మాట లేదు. అక్కడి చావు ఇంట్లో చూడండి, ఆడవాళ్లంతా అలా వచ్చి కూర్చుంటారు. మన దగ్గరా ఒకప్పుడు అంతే కదా. బైబిల్ స్కూల్లో నేర్చుకున్న పరామర్శ మాటలు అక్కడ నాకు మళ్లీ అవసరం పడలేదు.

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి పేరు మీకు తెలిసే ఉంటుంది. స్కాట్లాండ్ నుంచి 1907లో వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆస్పత్రి తెరిచింది. చాల్ముగ్రా అనే గింజల నూనె తప్ప కుష్ఠుకు వేరే మందు లేని కాలం. నిజామాబాద్ దాత రాజా నర్సాగౌడ్ డబ్బుతో నిలబడకపోతే ఆ పని అంత దూరం వచ్చేది కాదు. మనవాళ్లకు దొరసాని గుర్తుంది. కట్లు మార్చినవాళ్లు, గంజి కాచినవాళ్లు, రోగి మాటను దొరసానికి విప్పి చెప్పినవాళ్లు మనవాళ్లే. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఇప్పుడు మలావీలో దొరసాని కుర్చీలో మీరుంటారు. సంఘానికి రాసే ప్రార్థన ఉత్తరంలో "నేను కాపాడాను" అని రాయబోయేటప్పుడు సైకిల్ మీద వచ్చిన బాబాయిని, ఫోన్ నోట్లో పెట్టుకున్న ల్యాబ్ అతన్ని తలుచుకోండి. ఎముకలు తేలిన పిల్లల ఫోటోలు మాత్రం పంపకండి. సంఘం అడిగినా పంపకండి.

ఒక మాట చెప్పాలా వద్దా అని ఆలోచించాను. మా నాన్న నేను వెళ్లిన నాలుగో ఏడు పోయాడు. కబురు అందేసరికి అక్కడ పొద్దున ఆరు. మనకు తొమ్మిదిన్నర. మనవాళ్లు సాయంత్రానికల్లా సమాధి చేస్తారు, నేను హన్మకొండ చేరడానికి రెండు రోజులు పడుతుంది. ఆగమని చెప్పలేకపోయాను. తమ్ముడు సమాధుల తోట నుంచి వీడియో కాల్ చేశాడు. పాస్టరుగారు మట్టి వేయడం దాకా కనిపించింది, తర్వాత బొమ్మ ఆగిపోయింది. ఆగిన బొమ్మలో మా అమ్మ కొంగు మాత్రమే ఉంది. ఆ మధ్యాహ్నం వార్డు నుంచి పదిమంది నడిచి వచ్చి మా వరండాలో కింద కూర్చున్నారు. "పెపాని" అన్నారు. తలా కొంత మక్కపిండి తెచ్చారు. ఆకలి నెలల్లో తెచ్చారు.

అందుకే, తల్లిదండ్రులు పెద్దవాళ్లయితే బయలుదేరే ముందే తోబుట్టువులతో మాట్లాడుకోండి. ఏమైనా అయితే ఆపాలా వద్దా, ఆస్పత్రి ఖర్చు ఎవరు చూస్తారు, అన్నీ. అప్పటికప్పుడు టికెట్ కొనేంత డబ్బు విడిగా ఒక ఖాతాలో వేసి మర్చిపోండి.

దిగిన మొదటి ఆదివారం చర్చిలో మిమ్మల్ని నిలబెట్టి పరిచయం చేసుకోమంటారు. ప్రసంగం తయారు చేసుకోకండి. "నా పేరు" అనడానికి "ద్జినా లంగా" అనాలి. లంగా అంటే "నా" అని. ఇంట్లో ఇప్పటి నుంచే పదిసార్లు అని అలవాటు చేసుకోండి. నేను అలవాటు చేసుకోక, మూడు వందల మంది ముందు నవ్వాపుకోలేక సగంలోనే కూర్చుండిపోయాను.