బ్రిటన్‌లో పులిహోర డబ్బా అమ్ముతున్నారా? అలర్జీ లేబుల్ ఇలా రాయండి

పొద్దున కలిపిన పులిహోరను డబ్బాల్లో సర్ది అదే కొట్టు కౌంటర్ మీద పేర్చితే, అది ‘ప్రీప్యాక్డ్ ఫర్ డైరెక్ట్ సేల్’ కిందికి వస్తుంది. 2021 అక్టోబర్ 1 నుంచి అలాంటి డబ్బా మీద వంటకం పేరు, అందులో పడిన ప్రతి దినుసూ ఉండాలి. దీన్నే నటాషా చట్టం అంటారు. 2016లో పదిహేనేళ్ల నటాషా ఎడ్నాన్-లాపెరూజ్ బగెట్ అనే పొడవాటి రొట్టె పిండిలో కలిసిన నువ్వుల వల్ల చనిపోయింది. ఆ ప్యాకెట్ మీద నువ్వుల ఊసే లేదు.

అడిగాక ప్లేటులో వడ్డిస్తే ఈ లేబుల్ అక్కర్లేదు, అలర్జీ వివరం మాత్రం చెప్పాలి. వేరే కొట్టుకు సరఫరా చేస్తే నిబంధనలు ఇంకా ఎక్కువ.

ముందు దినుసులన్నీ తూచండి. వండేటప్పుడు వేసిన బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు ఇంగ్లీషులో వరసగా రాయండి. చట్టం చెప్పిన 14 అలర్జీ కారకాలు ఎక్కడ వచ్చినా బోల్డ్‌లో పెట్టండి. చిన్నబడి (లోయర్ కేస్) ‘ఎక్స్’ అక్షరం ఎత్తు కనీసం 1.2 మిల్లీమీటర్లు ఉండాలి. డబ్బా పెద్ద వైపు 80 చదరపు సెంటీమీటర్లకు తక్కువైతే 0.9 చాలు.

మన వంటల్లో పప్పులో కాలేసేది పోపు దగ్గరే. ఆవాలు ఆ పద్నాలుగింటిలో ఒకటి. నువ్వుల నూనె, వేరుశనగ నూనె కూడా చెప్పాల్సినవే. రిఫైన్డ్ వేరుశనగ నూనెకూ మినహాయింపు లేదు. అన్నిటికన్నా మోసం చేసేది ఇంగువ. పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, కాబట్టి బ్రాకెట్లో ‘వీట్’ అని బోల్డ్‌లో రాయాలి. ‘గ్లూటెన్’ అని ఊరుకుంటే చాలదు. నెయ్యి పక్కన ‘మిల్క్’ రాయండి. జీడిపప్పుకు ‘నట్స్’ అనకుండా ‘కాష్యూ’ అనే పేరే పెట్టండి. లడ్డూలో వేసే బంగారు రంగు కిస్‌మిస్‌కు సల్ఫైట్ అనే నిల్వ రసాయనం పట్టించి ఉండొచ్చు. తినే వంటకంలో అది కిలోకు 10 మిల్లీగ్రాములు దాటితే లేబుల్ మీదికెక్కాలి. కొబ్బరి, శనగపిండి ఆ జాబితాలో లేవు, అయినా దినుసుల వరసలో ఉండాల్సిందే.

ఇంగువ బ్రాండు మారితే పాత స్టిక్కర్లు పారేయండి. రొయ్యల పకోడీ వేయించిన నూనెలో మురుకులు వేస్తే రొయ్యల ప్రొటీన్ వాటికీ అంటుతుంది. కాగితే పోతుందిలే అనుకోవద్దు, మూకుడు వేరే పెట్టండి.