ఫిజీ ఊళ్ళో చుట్టంలా – మూడో పాఠం: నోరు తిప్పడం, వేర్ల కట్ట పట్టుకెళ్ళడం

కిందటి పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? ఫిజీలోకెల్లా పెద్ద దీవి వితి లెవు మ్యాపు ముందేసుకుని పడమటి వైపు ఎండ ఊళ్ళు, తూర్పు వైపు వాన ఊళ్ళు విడివిడిగా రాసుకోమన్నాను. రాజధాని సువా వాన వైపు, విమానం దిగే ఊరు ఎండ వైపు. మే నుంచి అక్టోబరు దాకా వెళ్ళడానికి మంచి రోజులు, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల భయం. ఈపాటి గుర్తుంటే చాలు. చేయనివాళ్ళు కంగారుపడకండి, ఇవాళ మ్యాపుతో పని పేర్లు చదవడానికే.

ఇవాళ రెండు పనులు నేర్చుకుందాం. ఒకటి, ఫిజీ పేర్లని అక్కడివాళ్ళు పలికినట్టు పలకడం. రెండోది, అక్కడి ఊళ్ళోకి అడుగుపెట్టే పద్ధతి. రిసార్టులో నాలుగు రోజులు పడుకుని సముద్రం చూసి వచ్చేవాళ్ళకి ఈ రెండూ అక్కర్లేదు, వాళ్ళని నేనేమీ అనను, సముద్రం బాగానే ఉంటుంది. కానీ ఆ దేశంలో 330కి పైగా దీవులున్నాయి, అందులో మనుషులుండేవి నూట పది దాకా ఉంటాయి, ఆ మనుషుల గడప తొక్కకుండా ఇసక మాత్రం చూసి రావడానికి అంత డబ్బు ఎందుకు పోయడం, మనకి బాపట్ల దగ్గర సూర్యలంక ఉందిగా అని నా గొడవ.

ముందు నోరు

విమానం దిగే ఊరి పేరు ఇంగ్లీషులో ఎన్, ఏ, డి, ఐ అని రాస్తారు. మనం ‘నాడి’ అంటాం, లేకపోతే ‘నది’ అంటాం. ఆ ఊరివాళ్ళకి అది ‘నంది’. శివాలయంలో కూర్చునే నందే, కాకపోతే ‘న’ కాస్త సాగుతుంది.

ఎందుకిలా అంటే, 1835లో లకెంబ దీవికి వచ్చిన మెథడిస్టు మిషనరీల్లో డేవిడ్ కార్గిల్ అని ఒకాయన ఫిజీ భాషకి ఇంగ్లీషు అక్షరాలతో రాత ఏర్పరిచాడు. ఆయన పెట్టుకున్న నియమం ఒక్కటే, ఒక ధ్వనికి ఒకే అక్షరం. ఆ భాషలో గట్టి ‘ద’ గానీ ‘బ’ గానీ ఒంటరిగా రావు, ముందు సున్నని వెంటేసుకునే వస్తాయి. ఎప్పుడూ ఉండేదాన్ని మళ్ళీ రాయడం దేనికని రాయలేదు. ఇంగ్లీషు చదివినవాళ్ళకి ఇది తిక్కగా అనిపిస్తుంది కానీ ఆ రాత ఇంగ్లీషువాళ్ళ కోసం కాదు, ఫిజీవాళ్ళ కోసం. వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు.

ఇక్కడ మనకో అదృష్టం ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఈ ధ్వనులు నేర్చుకోవడానికి నానా తంటాలు పడతారు, మన అక్షరమాలలో అవి దాదాపు అన్నీ ఉన్నాయి. డి కనిపిస్తే ‘ంద’ అనండి. బి కనిపిస్తే ‘ంబ’. సి కనిపిస్తే ‘క’ కాదు, ‘స’ కాదు, మెత్తగా ‘ద’, నాలుక పళ్ళకి తగిలీ తగలనట్టు. క్యూ కనిపిస్తే ‘ంగ’, మన ‘గంగ’లో వచ్చేదే. ఇక జి. ఇది ‘ఙ’. చిన్నప్పుడు పలక మీద దిద్దించి, ఆ తర్వాత ‘వాఙ్మయం’ అన్న మాటలో తప్ప జన్మలో వాడనివ్వలేదు కదా, ఆ ‘ఙ’. ఇన్నాళ్ళకి దానికో పని దొరికింది.

మాట మొదట్లోనే బి వస్తే ఎలా అంటారా? ‘అంబలి’ అనండి. మళ్ళీ అనండి, ఈసారి ‘అ’ని మనసులోనే ఉంచేసి, పెదాలు మూసి ‘మ్బలి’ అనండి. వచ్చేసింది. ఫిజీలో రోజుకి వంద సార్లు వినబడే పలకరింపు ‘మ్బుల’ కూడా ఇలాగే. దాని అసలు అర్థం బతుకు, ప్రాణం. దారిన పోయేవాళ్ళు కూడా అంటారు, మీరూ తిరిగి అనాలి, ఊరుకోకూడదు.

ఇప్పుడు అభ్యాసం. కింద చూడకుండా ముందు మీరే పలకండి. ఎస్, ఐ, జి, ఏ, టి, ఓ, కె, ఏ. అయిందా? అది ‘సిఙతోక’. అక్కడి ఇసక దిబ్బలే 1989లో ఫిజీకి మొదటి నేషనల్ పార్కు అయ్యాయి, ఆ దీవులకి మొట్టమొదట వచ్చిన లపిత జనం చేసిన, వేల ఏళ్ళ నాటి కుండ పెంకులు ఆ ఇసకలో బయటపడ్డాయి. బి, ఇ, క్యూ, ఏ? ‘మ్బెంగ’. నిప్పులో కాలిన రాళ్ళ మీద నడిచేవాళ్ళ దీవి. బి, ఏ? ‘మ్బా’. మ్బా కొండల్లో, రెల్లు కప్పిన ఇళ్ళతో ఒక ఊరుంది, దాని పేరు ‘నవల’. అవును, ఉన్నదున్నట్టే చదవచ్చు, మన నవలే.

ఇంకో మాట. ఒక్కరితో, చనువున్నవాళ్ళతో ‘మ్బుల’ చాలు. పెద్దవాళ్ళు కనిపిస్తే ‘ని స మ్బుల’ అనాలి. ఆ ‘ని’ మన ‘మీరు’ లాంటిది, గౌరవానికీ అదే, పదిమందికీ అదే. ఇంగ్లీషువాళ్ళకి ఇది పేజీలు పేజీలు వివరించాలి, మీకు ఒక్క వాక్యం సరిపోయింది. ‘వినక’ అంటే థాంక్యూ, బాగుంది అని కూడా. ‘మోదే’ అంటే సెలవు. ‘సెఙ న లెంగ’ అంటే పర్లేదు, ఏం ఇబ్బంది లేదు అని. ఇది రోజుకో పదిసార్లు అద్దం ముందు అనుకోండి, అందులో జి, క్యూ రెండూ ఉన్నాయి, నోరు తిరుగుతుంది.

తర్వాత వేర్ల కట్ట

అసలు పాఠం ఇది. ఫిజీలో నూటికి ఎనభై పాళ్ళకి పైగా భూమి అక్కడి మూలవాసుల వంశాలది. ఆ వంశాన్ని ‘మతంగలి’ అంటారు. అమ్మడానికి వీల్లేదు, కౌలుకిస్తారు. తీరం వెంబడి చేపలు పట్టే నీళ్ళ మీద కూడా ఫలానా ఊరివాళ్ళకి తాతల నాటి హక్కు ఉంటుంది. అందుకని ఖాళీగా కనిపించే బీచి, జలపాతం, పగడపు దిబ్బ, ఏదైనా సరే ఎవరిదో ఒకరిది. ఎవరూ లేరు కదా అని దిగిపోవడమంటే, మన పెరట్లోకి ఎవడో వచ్చి జామకాయలు కోసుకుని బాగున్నాయండీ అన్నట్టుంటుంది.

మరి ఎలా వెళ్ళాలి? ‘సెవుసెవు’ ఇచ్చి వెళ్ళాలి. చుట్టాలింటికి ఉత్త చేతులతో వెళ్ళం కదా, అలా. పండ్లు, స్వీట్లు కాదు, ‘యంగోన’ వేర్లు. బయటి దేశాల్లో కావా అంటారు, ఊళ్ళో ముద్దుగా గ్రాగ్ అని కూడా అంటారు. ఈ మొక్క మన తమలపాకు తీగకీ, మిరియం తీగకీ దగ్గరి చుట్టం, ఒకే కుటుంబం. చూడండి ఎంత బావుందో, మనం తాంబూలంలో ఆకు ఇస్తాం, వాళ్ళు వేరు ఇస్తారు.

ఏ ఊరి మార్కెట్లోనైనా దొరుకుతుంది. అర కిలో కట్ట, న్యూస్‌పేపర్లో చుట్టి రిబ్బను కట్టి ఇమ్మంటే ఇస్తారు. వేర్లే కొనండి, పొడి కాదు. నేను మొదటిసారి తేలిగ్గా ఉంటుంది కదా అని పొడి పాకెట్ పట్టుకెళ్ళాను. తీసుకున్నారు, కాదనలేదు, కానీ ఒక పెద్దాయన దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి నవ్విన నవ్వు ఇప్పటికీ గుర్తుంది. పెళ్ళికి వెళ్ళి గిఫ్టు బదులు చిల్లర చేతిలో పెట్టినట్టయింది నా పని.

ఊరి పొలిమేరలో ఆగి టోపీ, చలువ కళ్ళద్దాలు తీసేయండి. భుజానికి వేలాడే బ్యాగు చేత్తో పట్టుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి, ఆడా మగా ఇద్దరికీ, అందుకే ‘సులు’ అనే బట్ట నడుముకి చుట్టుకుంటారు. లుంగీ కట్టడం వచ్చినవాళ్ళకి దీన్ని నేర్పక్కర్లేదు. ఎదురైనవాళ్ళని ‘తురఙ ని కోరో’ ఎక్కడున్నారని అడగండి, ఆయన ఊరి పెద్ద, మన సర్పంచి అనుకోండి. ఆదివారం మాత్రం పిలవకుండా వెళ్ళొద్దు, ఆ రోజు చర్చి, భోజనం, నిద్ర.

చెప్పులు బయట విడిచి చాప మీద కూర్చోవాలి. మగవాళ్ళు బాసింపట్టు, ఆడవాళ్ళు కాళ్ళు పక్కకి మడిచి. కాళ్ళు ఎవరి వైపూ చాపకండి. వేర్ల కట్టని చేతికి అందించకూడదు, వాళ్ళ ముందు చాప మీద పెట్టాలి. ఎక్కడినుంచి వచ్చారో, ఎందుకొచ్చారో నెమ్మదిగా రెండు మాటలు చెప్పండి. అవతలాయన ఆ కట్టని ముట్టుకుని, చేతులు దొప్పల్లా చేసి బొద్దుగా చప్పట్లు కొట్టి, ఫిజీ భాషలో ఏదో చదువుతున్నట్టు మాట్లాడతాడు. మీకు అర్థం కాకపోయినా కదలకుండా వినండి, ఫోన్ తీయకండి. అది పూర్తయ్యాక మీరు ఊరి మనిషే, ఆ రోజుకి. మీకేమైనా అయితే చూసుకునే పూచీ కూడా వాళ్ళదే.

తర్వాత తాగడం. ‘తనోవ’ అనే పెద్ద చెక్క పాత్రలో దంచిన వేర్లని నీళ్ళతో పిసికి వడకట్టి, కొబ్బరి చిప్పలో పోసి ఇస్తారు. ఆ చిప్ప పేరు ‘మ్బిలో’. మీ ముందుకి రాగానే ఒక చప్పట, ‘మ్బుల’ అనడం, ఒకే గుక్కలో ఖాళీ చేయడం, చిప్ప తిరిగిచ్చేసి మూడు చప్పట్లు. పక్కనున్నవాళ్ళు ‘మద’ అంటారు, ఖాళీ అయిందని. నిండుగా వద్దనుకుంటే ‘లో టైడ్’ అని ఇంగ్లీషులోనే అడగొచ్చు, సగం పోస్తారు. ‘హై టైడ్’ అంటే నిండా. రుచి? బురద నీళ్ళలో మిరియం గింజ వేసినట్టుంటుంది, అబద్ధం చెప్పను. నాలుక కాసేపు మొద్దుబారుతుంది, పెదాలు మీవి కావేమో అనిపిస్తుంది, తర్వాత ఒళ్ళు నెమ్మదిస్తుంది. ఇది సారా కాదు కానీ మద్యంతో కలపకూడదు, తాగి బండి నడపకూడదు, లివర్ సమస్య ఉన్నవాళ్ళు ముందే చెప్పేసి తప్పుకోండి. ఒంట్లో బాలేదంటే బలవంతం చేయరు.

చిన్న చిన్నవి ఇంకొన్ని. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే వంగి ‘తులోఉ’ అంటూ వెళ్ళాలి, మనవాళ్ళు పెద్దల ముందు వంగి నడిచినట్టే. పిల్లలు ముద్దొచ్చినా తల నిమరకండి, అక్కడ తల ముట్టుకోవడం తప్పు. గోడ మీది వస్తువుని ఆహా ఓహో అని మరీ పొగడకండి, తీసి చేతిలో పెట్టేస్తారు, తర్వాత మీరు ఇబ్బందిపడతారు. వీధిలో నడుస్తుంటే ఇళ్ళలోంచి ‘మై కన’ అని కేకేస్తారు, రా, తిను అని. మన పల్లెల్లో భోంచేసి వెళ్ళండి అన్నట్టు. ఆకలి లేకపోతే ‘వినక’ అని నవ్వి ముందుకెళ్ళొచ్చు. ఆకలుంటే వెళ్ళండి. చేమదుంప, కర్రపెండలం మీకు తెలిసినవే, నిమ్మరసంలో నానబెట్టి కొబ్బరిపాలు కలిపిన పచ్చి చేప ‘కొకొంద’ తెలియంది. నాకు బాగా నచ్చింది, మా ఆవిడ వాసన చూసి పక్కన పెట్టేసింది.

హోంవర్క్: పైన ‘సెఙ న లెంగ’ చెప్పాను కదా, దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో కార్గిల్ పద్ధతిలో రాసి చూడండి. తర్వాత ‘మ్బుల’ నుంచి మూడు చప్పట్ల దాకా ఒక స్టీలు గ్లాసు మజ్జిగతో ఇంట్లో రిహార్సల్ వేయండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి.

వచ్చే పాఠంలో నంది ఊళ్ళోని శివ సుబ్రహ్మణ్యస్వామి గుడి దగ్గర మొదలుపెడదాం. 1879 నుంచి 1916 దాకా చెరకు తోటల పనికి మన దేశం నుంచి దాదాపు అరవై వేల మందిని ఓడల్లో తీసుకెళ్ళారు, 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఎక్కించారు, వాళ్ళలో విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళు సంతకం పెట్టిన ‘అగ్రిమెంటు’ నోట్లో నలిగి ‘గిర్మిట్’ అయింది. ఆ దక్షిణాది కుటుంబాల వాళ్ళు సువాలో మారియమ్మ గుడి దగ్గర ఇప్పటికీ నిప్పుల గుండం తొక్కుతారు. మ్బెంగ వాళ్ళు కాలిన రాళ్ళ మీద, వీళ్ళు కణకణలాడే బొగ్గుల మీద. ఈ రెండూ ఒకే దేశంలో ఎలా పక్కపక్కన నిలిచాయో, చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఎక్కడ నిలబడాలో, ఏమి అడగకూడదో అప్పుడు చెప్తాను.